నామాల చేపకి తెగులొచ్చింది

మా ఆయన డాక్టరు కాదు. ఇంటరు రెండో దండయాత్రలో గట్టెక్కిన మనిషి. అయినా వినుకొండ చుట్టుపక్కల పాతిక ఊళ్లవాళ్లు ఆయన్ని డాక్టరుగారనే పిలుస్తారు. మా పురుగుమందుల కొట్టుకి వచ్చే రైతు ముందు భుజం మీద తువ్వాలు దించుతాడు. దాని మడతలోంచి జాగ్రత్తగా ఓ ఆకు తీస్తాడు. పత్తాకో, మిరపాకో. ఈయన దాన్ని అందుకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటారు, తిరగేస్తారు, భూతద్దం పెట్టి చూస్తారు, "నాటి ఎన్నాళ్లయింది?" అని అడుగుతారు. రైతు జవాబు చెప్పేలోగానే ఆయన చెయ్యి వెనక అలమరలోకి పోతుంది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆ చెయ్యి ఖాళీగా వెనక్కి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒక్క ఆకుకైనా మందు లేదని చెప్పారా మీరు?" అని ఓసారి అడిగాను.

"మందు లేదనేవాడి దగ్గరికి రెండోసారి ఎవడొస్తాడే పిచ్చిదానా" అన్నారు.

ఎదురుగా వెంకయ్య కొట్టు ఉంది మరి. వెంకయ్య, మా ఆయన శ్రీకృష్ణ ఒకే బళ్లో ఒకే బల్ల మీద చదువుకున్నారు. ఒకే ఏడాది కొట్లు తెరిచారు. అప్పటినుంచీ రోడ్డుకి అటొకరు ఇటొకరు కూర్చుని, ఎవరి గుమ్మంలో ఎన్ని చెప్పులున్నాయో చూసుకుంటూ బతుకుతున్నారు. రెండువేల ఏడులో, సరుకు బాగా అమ్మినందుకని ఒక కంపెనీవాళ్లు వెంకయ్యని బ్యాంకాక్ తీసుకెళ్లారు. రెండో స్థానం వచ్చిన మా ఆయనకి చేపల తొట్టి పంపారు. ఆ సాయంత్రమే వెంకయ్య రోడ్డు దాటి వచ్చాడు.

"నేను అంతదూరం పోయి సముద్రం చూసొచ్చాన్రా కిష్టా. నీకు ఇంటికే పంపారు. అదృష్టవంతుడివి" అన్నాడు.

మా ఆయన ఆ రాత్రి అన్నం సగమే తిన్నారు.

మందుల కొట్లో చేపలు బతకవని నేను గొడవ చేసి, తొట్టిని కొట్టు పక్కన వరండాలో పెట్టించాను. అటు మా ఇంటి కిటికీ, ఇటు రైతులు కూర్చునే బల్ల. మందు ముట్టిన చేత్తో ఎవరూ తొట్టిని తాకకూడదు. ఆ రూలు మా ఆయనకీ వర్తిస్తుంది. నాలుగు చేపలు వేశాం. మూడు ఎర్రవి. నాలుగోది ఏంజెల్ ఫిష్. పలచగా, వెడల్పుగా, తెల్లటి ఒంటి మీద నిలువుగా నల్లటి చారలతో ఉంటుంది. ఈపూరు వైపు నుంచి వచ్చే ఆదెయ్య మొదటిరోజే దాన్ని చూసి, "ఇదేందమ్మా, ఒళ్లంతా నామాలు పెట్టుకుంది" అన్నాడు. అంతే, అది నామాలదైంది. నేను కిటికీ తలుపు తీసిన చప్పుడుకే అది అద్దం దగ్గరికి వచ్చి నిలబడేది. నాకు పిల్లలు లేరు. ఆ చేప మీద నాకెంత ప్రేమో చెప్పడానికి సిగ్గెందుకు, చాలా ప్రేమ.

బల్ల మీద కూర్చున్న రైతులకీ అదొక కాలక్షేపమైంది. ఆకు చూపించుకునే వంతు వచ్చినా "ఉండండి డాక్టరుగారూ, అది మేత తింటంది" అనేవాళ్లు.

సెప్టెంబరులో మా ఆయన గుంటూరు పనిమీద వెళ్లి, నామాలదానికి తోడని ఇంకో ఏంజెల్ ఫిష్‌ని కొనుక్కొచ్చారు. పాలిథీన్ సంచిలో నీళ్లు పోయించుకుని, బస్సులో మూడు గంటలు ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. దాని తోక దగ్గర తెల్లటి చిన్న గడ్డ ఉంది. "పుట్టుమచ్చ, అదృష్టం" అన్నారు. ఆ అదృష్టం వారం తిరక్కుండానే వెల్లకిలా తేలింది. బస్సు కుదుపులకి పోయిందనుకుని జామచెట్టు కింద పాతిపెట్టాం.

మూడు వారాల తర్వాత ఓ పొద్దున ఆదెయ్య తొట్టి ముందు వంగి కేకపెట్టాడు.

"అమ్మా! ఇట్టా రాండి! నామాలదానికి పిండినల్లి పట్టింది!"

ఆ ఏడు పత్తికి పిండినల్లి వచ్చింది. కొమ్మల మీద సున్నం చల్లినట్టు తెల్లగా అంటుకుని రసం పీల్చే పురుగు. జనం కళ్లలో అదే ఉంది. నేను పరుగున వెళ్లి చూస్తే, నిజమే, చేప రెక్కల అంచున, తోక మీద తెల్లటి గడ్డలు. ముత్యాలు కుట్టినట్టు వరసగా ఉన్నాయి.

బల్ల మీదున్న వాళ్లంతా లేచారు. ఆకుకి మందు చెప్పించుకోవడానికి వచ్చినవాళ్లే చేపకి మందు చెప్పడం మొదలుపెట్టారు.

"నాలుగు చుక్కలు మోనో వేస్తే తెల్లారేసరికి మాయమైపోద్ది" అన్నాడు ఆదెయ్య. మోనో అంటే పత్తికి కొట్టే విషం.

"తొట్టిలో మోనో వేస్తే చేప కూడా మాయమైపోద్దిరా. యాపనూనె రాయాలి" అన్నాడు బుడాన్. బుడాన్ మూడెకరాల పత్తి రైతు, ప్రతిదానికీ వేపనూనె అంటాడు. మోకాళ్ల నొప్పులకీ అదే.

"ముందు పట్టుకుని సబ్బునీళ్లతో కడగాలి" అని ఇంకెవరో అన్నారు.

మా ఆయన భూతద్దం పట్టుకుని వచ్చారు. అద్దానికి భూతద్దం ఆనించి చాలాసేపు చూశారు. అది పిండినల్లి కాదని ఆయనకి తెలిసింది. ఏమిటో మాత్రం తెలియలేదు. అందరూ ఆయన నోటికేసే చూస్తున్నారు. ఇంతలో ఎదురు గుమ్మంలోంచి వెంకయ్య గొంతు రోడ్డు దాటి వచ్చింది.

"ఏరా కిష్టా! ఇంట్లో చేపకే వైద్యం చెయ్యలేనోడివి, చేలకేం చేస్తావురా?"

బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకి మిగతా ఏమన్నా ఫరవాలేదు, డాక్టరనే ఆ పేరొక్కటి పోతే మనిషి నిలవలేరు.

"రేపు పదింటికి మందేస్తున్నా! అందరూ రండి, చూద్దురుగాని!" అని ప్రకటించేశారు.

లోపలికి రాగానే నేను అందుకున్నాను.

"ఏం మందేస్తారు?"

"ఏదో ఒకటి. కొద్దిగా వేస్తాను."

"అది చచ్చిపోతుందండీ."

"ఊరుకుంటే మాత్రం బతుకుతుందా? నలుగురిలో అనేశాను కదే!"

"నలుగురి కోసం దాన్ని చంపుతారా? తొట్టిలో మీ చెయ్యి పడిందో, నేను పుట్టింటికి అద్దంకి పోతాను. చేపని తీసుకుని మరీ పోతాను" అన్నాను. ఆయనకి నా సంగతి తెలుసు. మాట అంటే అంతే.

మా ఊరి కాలేజీలో జువాలజీ చెప్పే జాస్మిన్ నా స్నేహితురాలు. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గది మాది. ఆదివారం నన్ను చర్చికి లాక్కుపోయేది, శనివారం నేను తనని గుడికి లాక్కుపోయేదాన్ని. ఇద్దరికీ రెండుచోట్లా ప్రసాదాల మీదే దృష్టి. ఆ మధ్యాహ్నమే పాలక్యాను శుభ్రంగా కడిగి, తొట్టి నీళ్లే పోసి, నామాలదాన్ని అందులో దింపాను. క్యాను ఒళ్లో పెట్టుకుని స్కూటరు వెనక కూర్చున్నాను. అంత తిట్టుకున్నా మా ఆయన బండిని పురిటికి తీసుకెళ్తున్నంత నెమ్మదిగా నడిపారు. గుంతల దగ్గర కాళ్లు కింద ఆనించి మరీ నడిపారు.

జాస్మిన్ చేపని తడిగుడ్డలో పట్టుకుని, రెక్క అంచున ఒక గడ్డని బ్లేడుతో సన్నగా గీరింది. నేను అటు తిరిగి కళ్లు మూసుకున్నాను. చేపని మళ్లీ క్యానులో వదిలి, గీరినదాన్ని గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపు కిందికి తోసింది.

"చూడండి అన్నయ్యగారూ."

ఆయన ఒక కన్ను మూసి చూశారు. "ఉడికిన సగ్గుబియ్యంలా ఉన్నాయే!"

"ఒక్కొక్కటీ ఒక్క కణం. మామూలుగా కంటికి ఆనేవి కావు. లోపల వైరస్ కాపురం పెట్టి ఇంతింతగా ఉబ్బించింది. చేపలకి జబ్బు చేసే వైరస్‌లలో లింఫోసిస్టివైరస్ అని ఒక ప్రజాతి ఉంది. దాని పనే ఇది. చేపలకి తప్ప ఇంకెవరికీ రాదు. చేపల్లోనూ అన్నిటికీ రాదు. మీ ఎర్రవాటికి పట్టదు. ఈ మధ్య కొత్త చేపనేమైనా తెచ్చారా?"

నేను మా ఆయనకేసి చూశాను. ఆయన గోడమీద కప్ప బొమ్మకేసి చూశారు.

"దీనికేం మందు?" అన్నారు.

"మందు లేదండి."

"అంటే... మీకు తెలీదా?"

"తెలుసు. లేదని తెలుసు."

"గుంటూర్లో దొరుకుద్దేమో?"

"గుంటూర్లో లేదు, మద్రాసులో లేదు, లండన్‌లో కూడా లేదు అన్నయ్యగారూ."

మా ఆయన కుర్చీలో కూలబడ్డారు. జబ్బు తెలిసిన మనిషి ఇంత నిమ్మళంగా, ఏ సిగ్గూ లేకుండా మందు లేదని చెప్పడం ఆయన మొదటిసారి చూస్తున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, "మిరపలో వైరస్ వస్తే మొక్కని పీకి పాతెయ్యాలంటారు. మరి దీన్ని..."

నేను క్యానుని గుండెకి హత్తుకున్నాను.

జాస్మిన్ నవ్వేసింది. "పీకడాలేం వద్దు. మొక్కకి లేని వసతి చేపకి ఉంది. ఒంట్లో వైరస్‌తో తనే పోట్లాడుకుంటుంది. రెండు నెలలు పట్టొచ్చు, మూడు పట్టొచ్చు. గడ్డలు వాటంతటవే రాలిపోతాయి. రోజు విడిచి రోజు కాసిని నీళ్లు మార్చండి, బెదరగొట్టకండి. మందు మాత్రం వెయ్యకండి. వేశారో, జబ్బు చెయ్యని పని మందు చేస్తుంది."

తిరిగొచ్చేటప్పుడు రైల్వేగేటు పడింది. గూడ్సు బండి వస్తోంది. నాకు మనసులో ఒక మాట తొలుస్తోంది.

"ఏమండీ, మిరపలో వైరస్‌కి మందుందా?"

ఆయన గూడ్సు బండి వచ్చే వైపు మెడ చాచారు.

"పోయినేడు ఆదెయ్య ముడత ఆకు తెస్తే రెండు సీసాలిచ్చారు. అది వైరసే కదా?"

"ఆకుల మీద వాలే తెల్లదోమకి ఇచ్చాను. వైరస్‌ని మోసుకొచ్చేది దోమే."

"దోమకని చెప్పి ఇచ్చారా, వైరస్‌కని చెప్పి ఇచ్చారా?"

గూడ్సు బండి పెట్టెలన్నీ చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయాయి. గేటు లేచాక అన్నారు, "అంతదూరం నుంచి వచ్చిన రైతుని వట్టి చేతుల్తో పంపితే ఎట్టాగే? నేనివ్వకపోతే వెంకయ్య ఇస్తాడు." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ తర్వాత దారి పొడుగునా వెంకయ్యని తిడుతూనే ఉన్నారు.

ఇంటికొచ్చాక మిగిలిన సమస్య పొద్దున పదింటి సంగతి. ఊరందర్నీ పిలిచేశారు. చివరికి ఉపాయం ఆయనే చెప్పారు. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను, దానికి సాయం చేసింది నేనే. ఖాళీ హోమియో సీసాని నాలుగుసార్లు మరిగే నీళ్లతో కడిగి, కాచి చల్లార్చిన మంచినీళ్లు పోసి ఇచ్చాను. చేప బతుకుతుంది, ఆయన పేరూ బతుకుతుంది, ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను. నవ్వుకుంటూనే నింపాను.

పదింటికి ముప్పైమంది చేరారు. వెంకయ్య కూడా రోడ్డు దాటి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నారు, సీసా ఎత్తి వెలుతురులో చూశారు, ఆరు చుక్కలు లెక్కపెట్టి తొట్టిలో వేశారు. నామాలది కదలకుండా చూస్తోంది.

"ఏం మందండీ అది?" అన్నాడు ఆదెయ్య గుసగుసగా.

"ఫారిన్ మందు" అన్నారు మా ఆయన.

ఆ మాట ఒప్పందంలో లేదు. నేను కిటికీలోంచి కళ్లెర్రజేశాను గాని, ఆయన నావైపు చూడలేదు.

ఆ తర్వాత మాత్రం ఆయన చేసిన సేవ చూసి నాకే ముచ్చటేసింది. బోరునీళ్లు బకెట్లలో పట్టి ఒకరోజంతా ఉంచేవారు. రోజు విడిచి రోజు, కొట్టు తెరవకముందే స్నానం చేసి వచ్చి, పాత నీళ్లు గొట్టంతో తీసి కొత్తవి చెంబుతో చప్పుడు కాకుండా పోసేవారు. బల్ల దగ్గర గట్టిగా మాట్లాడితే "ఒరేయ్, బెదురుద్ది" అని కసిరేవారు. మా వైపు రైతులు గుసగుసగా మాట్లాడ్డం ఎప్పుడైనా విన్నారా? మా వరండాలో మాట్లాడారు.

అక్టోబరులో గడ్డలు ఇంకా పెరిగాయి. నేను రెండుసార్లు ఏడ్చాను. దీపావళి వెళ్లాక ఓరోజు తోకమీది పెద్దగడ్డ కనిపించలేదు. తర్వాత ఇంకోటి. డిసెంబరు మొదటి వారానికి నామాలది కడిగిన ముత్యంలా ఉంది. రెక్క అంచున చిన్న నొక్కు తప్ప ఇంకేమీ మిగల్లేదు. బుడాన్ మిఠాయి పొట్లం తెచ్చి అందరికీ పంచాడు. డాక్టరుగారి ఫారిన్ మందు కబురు ఈపూరు దాటి, బొల్లాపల్లి దాటి పోయింది. మా ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఎదురు కొట్లో వెంకయ్య రేడియో గొంతు పెంచాడు.

సరిగ్గా అప్పుడు ఆదెయ్య వచ్చాడు.

ఆరోజు బల్ల నిండుగా ఉంది. నేను తొట్టి దగ్గర మేత వేస్తున్నాను. ఆదెయ్య బల్లమీద కూర్చోలేదు, చేప వంక చూడలేదు. తిన్నగా కౌంటరు దగ్గరికి పోయి తువ్వాలు విప్పాడు. అందులో మిరప కొమ్మ. ఆకులన్నీ పడవల్లా ముడుచుకుని, చిన్నవైపోయి, పచ్చగా పాలిపోయి ఉన్నాయి. మా ఆయన భూతద్దం తీయనేలేదు. చూడగానే తెలిసిపోయింది.

"పదింట ఒక మొక్క ఇట్టా అయిందండీ" అన్నాడు ఆదెయ్య. "వైరస్ అన్నారు. మా తమ్ముడి కూతురు జాస్మిన్ మేడం దగ్గర చదువుతంది. మీ చేపకి వచ్చింది కూడా వైరసేనని మేడం కిలాసులో చెప్పిందంట. అందుకని ఇంకే మందూ వద్దు డాక్టరుగారూ. ఆ ఫారిన్ మందే ఇయ్యండి. రెండెకరాలు కౌలుకి చేస్తన్నా. మా ఇంటిది పిచ్చమ్మ వంగిన నడుం ఎత్తకుండా బిందెల్తో నీళ్లు పోసి బతికించిన చేను. ఈసారి పోతే ఇంక యవసాయం చెయ్యనని ఒట్టేసింది."

"నాక్కూడా కాస్త ఉంచండి" అన్నారు బల్లమీంచి ఎవరో.

మా ఆయన చెయ్యి అలవాటు కొద్దీ కదిలింది. అలమరలోకి కాదు, సొరుగులోకి. ఆ చిన్న సీసా తీసి కౌంటరు మీద పెట్టారు. సగానికి పైగా నీళ్లున్నాయి. ఆదెయ్య రెండు చేతులూ చాచాడు.

"స్ప్రే పంపుకి ఎన్ని చుక్కలండీ?"

ఆయన నాకేసి చూశారు. నేను నోరు తెరిస్తే ఆయన పరువు పోతుంది. తెరవకపోతే ఆదెయ్య చేను పోతుంది. ఆ సీసా నింపింది నేనే. చెప్పేద్దామని కౌంటరు వైపు ఒక అడుగు వేశాను.

నేను రెండో అడుగు వేసేలోగా ఆయన మూత తిప్పి, సీసా ఎత్తి, గటగటా తాగేశారు.

మా వైపు మందుల కొట్లో మనిషి సీసా నోటికెత్తాడంటే దాని అర్థమేమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఏళ్లలో అలాంటి కబురు వినని ఊరు లేదు. బల్ల మీదున్న వాళ్లంతా ఒక్క కేక పెట్టి లేచారు. ఆదెయ్య కౌంటరు మీదికి ఎగబడి ఆయన మెడ పట్టుకుని వంచాడు. బుడాన్ "ఉప్పునీళ్లమ్మా, ఉప్పునీళ్లు తెండి!" అని నా మీద అరిచాడు. ఎదురు కొట్లోంచి వెంకయ్య చెప్పులు కూడా వేసుకోకుండా, లారీని ఆపి మరీ రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్ కిష్టా! ఏం పనిరా ఇది! ఉమ్మెయ్యరా!" అంటున్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను.

"వదలండ్రా! ఆదెయ్యా, మెడ వదులు! నీళ్లురా నాయనా, ఉత్త మంచినీళ్లు!"

ఎవరూ నమ్మలేదు. ఆదెయ్య సీసా వాసన చూశాడు, తర్వాత మా ఆయన నోటి వాసన చూశాడు. బుడాన్ సీసా అడుగున మిగిలిన చుక్కని నాలుక మీద వేసుకుని చప్పరించి, "నీళ్లే" అని తీర్పు చెప్పాడు. అప్పుడు గాని మెడ వదల్లేదు.

మా ఆయన చొక్కా సర్దుకున్నారు.

"చేపకి వేసింది కూడా ఇవే. మందేమీ వెయ్యలేదు. దాని వైరస్‌కి మందు లేదు. నీళ్లు మార్చాం, అది తనే బాగుపడింది. నీ మిరపకి వచ్చినదానికీ మందు లేదు ఆదెయ్యా. పోయినేడు నీకు రెండు సీసాలిచ్చానే, అప్పుడూ లేదు."



"మరి ఎందుకిచ్చావయ్యా?" అన్నాడు ఆదెయ్య. ఈసారి 'డాక్టరుగారూ' లేదు, 'అండీ' లేదు.

"లేదంటే నా పేరు పోద్దని."

ఆదెయ్య తలవంచుకుని తువ్వాలు మడతపెట్టుకుంటున్నాడు. మా ఆయన కౌంటరు దాటి బయటికి వచ్చి, గబగబా చెప్పుకుపోయారు, "ముడుచుకున్న మొక్కలు ఇవాళే పీకి దూరంగా పాతెయ్యి. ప్రాణం ఒప్పదు, అయినా పీకు. మిగతావాటి మీద దోమ వాలకుండా చూసుకో. దోమకయితే మందుంది, అది దోమకే, తెగులుకి కాదు. మొక్క తనంతట తను చేపలాగా బాగుపడదు ఆదెయ్యా. ఉన్నవాటిని కాపాడుకోవడమే."

ఆదెయ్య మెట్లు దిగాడు. రోడ్డు దాటి వెంకయ్య కొట్టు మెట్లెక్కాడు. వెంకయ్య కూడా అతని వెనకే, ఒకసారి వెనక్కి తిరిగి చూసి, వెళ్లిపోయాడు.

తర్వాత కొన్ని వారాలు మా బల్ల వెలవెలబోయింది. నామాలది అద్దం దగ్గరికి వచ్చి, బల్లమీద ఎవరూ లేకపోతే వెనక్కి పోయేది. మా ఆయన ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. నేను మాత్రం గర్వపడ్డాను. పెళ్లయినప్పటినుంచీ ఆయన్ని ఏదో ఒకటి అంటూనే ఉన్నాను గాని, ఆ వారాల్లో ఒక్క మాట అనలేదు. అడక్కుండానే రెండోసారి కాఫీ కూడా ఇచ్చాను. "నాకేమైనా జబ్బని జాస్మిన్ చెప్పిందా?" అని అనుమానంగా అడిగారు.

ఫిబ్రవరిలో ఆదెయ్య, పిచ్చమ్మ కలిసి వచ్చారు. పిచ్చమ్మ నెత్తిమీద గోతం. దించి నా ముందు పెట్టింది. తొలి కోత మిరపకాయలు, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

"పచ్చడికమ్మా" అంది.

ఆదెయ్య బల్లమీద తన చోటులో కూర్చున్నాడు. "డాక్టరుగారూ, ఆరోజు నాకు మీ మీద మండింది. ఎంకయ్య దగ్గర సీసా కొన్నా. ఎకరంలో ఆ మందు కొట్టా. రెండో ఎకరంలో ఈవిడ మీరు చెప్పినట్టు మొక్కలు పీకింది. పీకేటప్పుడు ఏడ్చింది కూడా. మందు కొట్టిన ఎకరం సగానికి పైగా ముడుచుకుపోయింది. పీకిన ఎకరం నిలబడింది."

"మరి ఎంకయ్యనే అడక్కపోయావా?" అన్నారు మా ఆయన, నవ్వు దాచుకోలేక.

"ఉందని చెప్పేవాళ్లకేమండీ, ఊరినిండా ఉన్నారు. లేదని చెప్పేవాడు కావాలిగా ఒకడు" అన్నాడు ఆదెయ్య, తొట్టికేసి తిరిగి. "ఏమే నామాలదానా, బాగున్నావా?"

ఆ వారం బుడాన్ వచ్చాడు. తర్వాత బొల్లాపల్లి వాళ్లొచ్చారు. కొందరు ఎదురు కొట్లో మందు కొనేముందు ఇటొచ్చి, "డాక్టరుగారూ, దీనికసలు మందున్నట్టా లేనట్టా?" అని కనుక్కుని మరీ వెళ్లేవారు. కొన్ని ఆకులకి ఆయన చెయ్యి అలమరలోకి పోతుంది. కొన్నిటికి ఖాళీగా వెనక్కి వస్తుంది. ఈ ఏడు కంపెనీవాళ్లు మాకు గోడ గడియారమే ఇచ్చేట్టున్నారు. ఇవ్వనీ.

మొన్న సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి వెంకయ్య వచ్చాడు. బల్ల ఖాళీ అయ్యేదాకా తన గుమ్మంలోనే నిలబడి చూసి, అప్పుడొచ్చాడు. జేబులోంచి రుమాలు తీశాడు. రుమాలులోంచి మిరపాకు తీశాడు.

"నూజెండ్ల దగ్గర నా సొంత చేను కిష్టా" అన్నాడు మెల్లగా. "నా కొట్లో సీసాలన్నీ నాకు తెలుసు. నువ్వు చెప్పు. నిజం చెప్పు."

మా ఆయన ఆకు అందుకున్నారు. వెలుతురు తగ్గిపోతోంది. అయినా వరండాలోకి తీసుకెళ్లి, తొట్టి మీది లైటు కింద పట్టుకుని, తిరగేసి, భూతద్దం పెట్టి, వెంకయ్య తన సొంత అన్నయితే ఎంత శ్రద్ధగా చూస్తారో అంత శ్రద్ధగా చూశారు.

"లేదురా ఎంకా" అన్నారు.

వెంకయ్య తలూపాడు. వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. బల్లమీద ఆదెయ్య కూర్చునే చోట కూర్చుని, నామాలదానికేసి చూస్తూ ఉండిపోయాడు. అది మెల్లగా అద్దం దగ్గరికి వచ్చి నిలబడింది.

"పొద్దున్నే ఇద్దరం పోయి పీకుదాం" అన్నారు మా ఆయన, వాడి పక్కన కూర్చుంటూ.

నేను ముగ్గురికి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లాను.